సెట్ ఆప్షన్ (ఐబీఎం ఐ)

ఐబీఎం ఐ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డీబీ2 డేటాబేస్‌లో, ఎస్‌క్యూఎల్ ఆప్షన్లను ప్రోగ్రామ్ సోర్స్‌లోనే ఖరారు చేసే స్టేట్‌మెంట్. ఆర్‌పీజీ, కోబాల్ ప్రోగ్రాములను కంపైల్ చేసే కమాండ్‌లోనూ ఇవే ఆప్షన్లు ఇవ్వవచ్చు. రెండింటికీ పొసగకపోతే సోర్స్‌లో రాసిందే చెల్లుతుంది. ప్రోగ్రామ్‌లో ఇదే మొట్టమొదటి ఎస్‌క్యూఎల్ స్టేట్‌మెంట్ కావాలి. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఇది చేసే పనేమీ లేదు, ప్రీకంపైలర్ చదువుకుంటుందంతే. విలువ మార్చితే మళ్లీ కంపైల్ చేయాల్సిందే.

ఎక్కువ తిప్పలు పెట్టేది, ఐసోలేషన్ స్థాయిని నిర్ణయించే కమిట్ ఆప్షన్. కమాండ్‌లో దాని డిఫాల్ట్ ‘ఛేంజ్’. ఆ స్థాయిలో కంపైలైన ప్రోగ్రామ్, జర్నలింగ్ (మార్పుల నమోదు) లేని ఫైల్‌ను అప్‌డేట్ చేయబోతే ఎస్‌క్యూఎల్7008 ఎర్రర్ వస్తుంది. సోర్స్‌లో కమిట్ ‘నన్’ అని రాసిపెడితే, కంపైల్ చేసినవాళ్లు కమాండ్‌లో ఏది మరిచినా ఆ బెడద ఉండదు (రోల్‌బ్యాక్ కూడా ఉండదనుకోండి). ఏదైనా స్టేట్‌మెంట్ చివర ‘విత్’ క్లాజ్‌తో ఐసోలేషన్ స్థాయి ఇస్తే, అది ఆ ఒక్క స్టేట్‌మెంట్ వరకు సెట్ ఆప్షన్‌నూ తోసిరాజంటుంది.

క్వెరీ ఆప్టిమైజర్ సెట్టింగుల దారి వేరు. అవి క్యూఏక్యూక్యూఐఎన్‌ఐ అనే ఫైల్‌లో ఉంటాయి. క్యూయూఎస్‌ఆర్‌ఎస్‌వైఎస్ లైబ్రరీలో ఉన్న ఆ ఫైల్ ప్రతి, సిస్టమ్ మొత్తానికీ వర్తిస్తుంది. సీహెచ్‌జీక్యూఆర్‌వైఏ కమాండ్‌తో వేరే లైబ్రరీ చూపిన జాబ్ మాత్రం అక్కడి ప్రతినే వాడుకుంటుంది. వీటికి రీకంపైల్ అక్కర్లేదు.