మైలారలింగడి వెంట నడిచిన కుక్క

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు నల్లరేగడి చేలలో పంట కోతలయ్యాక కాపరులు మంద కట్టడం, అనగా ఎరువు కోసం రైతు పొలంలో రాత్రిపూట గొర్రెలను నిలిపి అందుకు ధాన్యమో డబ్బో పుచ్చుకోవడం, పాత ఆచారం కాగా, ఊరూరా మారే ఆ ప్రయాణంలో తోడేలు అలికిడికి మొదట లేచేది కుక్కే. గొర్రెను ముట్టకుండా, కాపరి కంబళి పక్కనుంచి కదలకుండా ఉండే కుక్కకే అక్కడ విలువ.

ఈ గొర్రెల కాపరులైన కురువలు కొలిచే మైలారలింగడు, అంటే తెలుగువారి మల్లన్న, మరాఠీల ఖండోబా, కుక్క తోడుగానే సంచరిస్తాడు. ఆయన భక్తులైన గొరవయ్యలు నల్ల కంబళి, ఎలుగుబంటి తోలు టోపీ ధరించి డమరుకం మోగిస్తారు. తాము దేవుడి కుక్కలమని భావించి, మొరుగుతూ, దోణె అనే పాత్రలోని ప్రసాదాన్ని నేరుగా నోటితో అందుకోవడం మైలార సంప్రదాయంలో ఉంది. హొళగుంద మండలం దేవరగట్టులోని మాళ మల్లేశ్వరుడూ ఈ కోవలోని దేవుడే అయినా, దసరా రాత్రి జరిగే కర్రల సమరానికి దక్కిన ప్రచారం ఈ కుక్కకు దక్కలేదు.

ఆదోని తాలూకా 1953 వరకు బళ్లారి జిల్లాలో ఉన్నందున ఈ కుక్క స్మృతిని కన్నడ నేలతో కలిపి చూడడమే సబబు. అక్కడి మండ్య జిల్లా ఆతకూరులో దొరికిన క్రీ.శ. 949–50 నాటి శాసనం ప్రకారం, గంగ వంశపు రాజు రెండవ బూతుగుణ్ణి ఆయన అనుచరుడు మణలేరుడు కోరి తెచ్చుకున్న ‘కాళి’ అనే వేటకుక్క అడవిపందితో పోరాడి దానితోపాటే మరణించగా, చల్లేశ్వరాలయం ఎదుట శిల నిలిపి భూమిని దానమిచ్చారు. ఆ భూమిని అనుభవించేవాడు శిలకు పూజ చేయకుండా భోజనం చేస్తే పాపం తగులుతుందని కూడా అందులో చెక్కించారు.