ఆవులలో కృత్రిమ గర్భధారణ: సరైన వేళ

ఆవు సుమారు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది. ఎద 12 నుంచి 18 గంటలుంటుంది. అది ముగిశాక మరో 10-12 గంటలకు గానీ అండం విడుదల కాదు. విడుదలైన అండం కొన్ని గంటలే ఫలదీకరణకు పనికొస్తుంది. వీర్యకణాలు గర్భాశయంలో దాదాపు ఒక రోజు బతికినా, అండాన్ని ఛేదించే శక్తి వాటికి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. అందువల్ల అవి అండం కంటే ముందే చేరి సిద్ధంగా ఉండాలి.

అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గర్ 1940లలో చేసిన పరిశోధనలు ఈ లెక్కను తేల్చాయి. ఉదయం ఎద కనిపిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం వీర్యదానం చేయించాలన్న నియమం వాటి నుంచే స్థిరపడింది. తోటి పశువు మీదికెక్కితే కదలకుండా నిలబడటం ఎదకు అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు. అరవడం, తీగలు వేయడం (మానం నుంచి జిగురు తీగలుగా కారడం) నమ్మకంలో దాని తర్వాతివే. గేదెల్లో మూగ ఎద (గుర్తులు బయటికి కనిపించని ఎద) ఎక్కువ, వేసవిలో మరీ ఎక్కువ. వాటిని రాత్రిపూట, తెల్లవారుజామున కనిపెట్టాలి.

పశువు చూలు కట్టక పదేపదే తిరగపొర్లితే (మళ్లీ ఎదకు వస్తే) వీర్యాన్నే నిందించడం తగదు. గోపాలమిత్రకు (ఊళ్లో వీర్యదానం చేసే కార్యకర్తకు) కబురు ఆలస్యంగా అందడం, గర్భాశయ వ్యాధులు, ఖనిజ లవణాల లోపం కూడా కారణాలే.