అద్దాల ఇంట్లో అడవి సీను

కార్ల్ బ్లెషెన్‌ను నేను మా వృత్తివాడిగానే లెక్కేసుకుంటాను. ఆయన 1798లో జర్మనీలో పుట్టాడు, నేను తెనాలిలో. ఇద్దరం కొన్నాళ్ళు నాటకాల తెరలకు రంగులేసి బతికినవాళ్ళమే. 1824 నుంచి మూడేళ్ళు బెర్లిన్‌లో ఒక థియేటర్‌కి ఆయన సీన్లు వేశాడు. ఆ పని ఇప్పించింది షింకెల్. ప్రష్యా రాజుగారి ఆర్కిటెక్టుగా ఆయన పేరు అందరికీ తెలుసు. మొజార్ట్ ఒపెరా 'మ్యాజిక్ ఫ్లూట్'కి 1816లో ఈజిప్టు గుళ్ళూ చుక్కల ఆకాశమూ కల్పించిందీ ఆయనే.

ఈ ఇద్దరు నాటకాలవాళ్ళూ మళ్ళీ ఒక అద్దాల ఇంటి దగ్గర కలిశారు. పోట్స్‌డామ్ పక్కన హావెల్ నదిలో నెమళ్ళ దీవి అని ఒక లంక ఉంది. రాజు మూడవ ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ పారిస్‌లో ఒకాయన పెంచుకున్న తాటిజాతి చెట్లను కొని అక్కడికి తెప్పించాడు. మన పొలం గట్ల మీద ఎవరూ తలెత్తి చూడని జాతికి ఆ చలిదేశంలో ఎంత మర్యాదో! వాటి కోసం షింకెల్ ఆలోచన ప్రకారం, షాడో అనే మరో ఆర్కిటెక్టు చేతుల మీదుగా 1831 నాటికి ఇల్లు లేచింది. ఇండియాదని చెప్పి కొన్న పాలరాతి మందిరపు ముక్కల్ని కూడా లోపల నిలబెట్టారు. చెట్లు నిజమైనవే, రాళ్ళూ నిజమైనవే. వాటిని అమర్చిన తీరు మాత్రం పక్కా స్టేజీ.

లోపలి దృశ్యాలు వేయమని రాజు బ్లెషెన్‌కి చెప్పాడు. 1834 నాటి బొమ్మ ఇప్పుడు చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. మా అమ్మాయి ఆ ఊళ్ళోనే ఉంటుంది కాబట్టి తీరిగ్గా చూడగలిగాను. ఎత్తు 135 సెంటీమీటర్లు, వెడల్పు 126; ఇంచుమించు చదరం. అంతంత పొడుగు చెట్లు వేయాలంటే ఎవరైనా నిలువు గుడ్డ తీసుకుంటారు. ఈయనకి కావలసింది చెట్టు కాదు, చెట్ల మధ్య ఉన్న జాగా.

అద్దాల ఇల్లు వేయడంలో అసలు చిక్కు అద్దమే. శుభ్రంగా ఉన్న అద్దం కంటికి ఆనదు, ఆననిదాన్ని కుంచె పట్టలేదు. అందుకని బ్లెషెన్ అద్దాన్ని వదిలేసి, దాన్ని దాటి వచ్చిన ఎండ లోపల ఏం చేస్తోందో వేశాడు. వెనక నుంచి వెలుగు పడ్డ ఆకు పసుప్పచ్చగా మండుతుంది. దాని ముందున్న ఆకు నల్లబడిపోతుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు, మధ్యలో గాలి కూడా ఉక్కగా తోస్తుంది. 1828, 29లలో ఇటలీ తిరిగి ఎండని చూసొచ్చిన కన్ను అది. చల్లని ఆకుపచ్చ దాదాపు లేదు. ఆకుపచ్చలన్నిటి అడుగునా గోధుమరంగు వెచ్చదనం ఉంది.

ఇక కూర్పు. అడవి సీను వేసేటప్పుడు మేము పక్క వింగులు ముదురుగా, వెనక తెర లేతగా వేసేవాళ్ళం. చూసేవాడి కన్ను తనంతట తనే లోపలికి నడిచిపోతుంది. ఇక్కడ జరిగిందీ అదే. అటూ ఇటూ మట్టలు ముసురుకున్నాయి, నడుమ వెలుగు. తూర్పుదేశపు వేషాలు కట్టిన ఆడవాళ్ళను మాత్రం కుర్చీలెక్కించలేదు, నేల మీదే కూర్చోబెట్టాడు. తాటిచెట్ల కొలత వాళ్ళ వల్లే తెలుస్తుంది. ఇండియా రాళ్ళ మధ్య ఈ అంతఃపురం వేషాలేమిటో నాకు నచ్చలేదు. కానీ వాళ్ళను తీసేస్తే చెట్లు కుండీ మొక్కలైపోతాయి, ఆ సంగతి ఆయనకి తెలుసు.

1840లో బ్లెషెన్ మతి చెడి చనిపోయాడు. 1880లో ఆ ఇల్లు కాలిపోయింది. అప్పటినుంచి దాన్ని ఊహించుకునేవాళ్ళు ఎక్కువమంది ఆయన రంగుల్లోనే ఊహించుకుంటున్నారు. నన్నడిగితే, స్తంభాల నగిషీకి ఆ బొమ్మను నమ్మొచ్చు. వెలుగుకి నమ్మకూడదు. ఉత్తర జర్మనీ శీతాకాలంలో అలాంటి బంగారు మధ్యాహ్నాలు ఎన్నుంటాయి గనక!

ఆ ఇల్లు కాలడానికి ముందు ఏడాది, 1879లో, పారిస్‌లో మానే అనే చిత్రకారుడు ఇంకో అద్దాల ఇంటి బొమ్మ, 'ఇన్ ద కన్జర్వేటరీ' వేశాడు. 1896లో బెర్లిన్ నేషనల్ గ్యాలరీ దాన్ని కొంది. అందులో అద్దం లేదు, పైకప్పు లేదు, చెప్పుకోదగ్గ ఎండా లేదు. దట్టమైన ఆకులు గోడలాగా వీపుకి ఆనుకుని నిలబడ్డాయి. వాటి ముందు బెంచీ మీద ఒకావిడ, బెంచీ వెనక నుంచి వంగిన ఒకాయన, ఉంగరాలున్న రెండు చేతులు. వింగులన్నీ పీకేసి వెనక తెర ఒక్కటే ఉంచి, నటుల్ని ముందుకు నెట్టేశాడు. నాకు బ్లెషెన్ కంటే ఇదే గొప్పగా తోస్తుంది. మా కంపెనీ మేనేజరు చూసుంటే మాత్రం, "ఇది అద్దాల ఇల్లని టిక్కెట్టు కొన్నవాడికి ఎలా తెలుస్తుందయ్యా?" అని తెర మళ్ళీ వేయించేవాడు.