పాల్వంకర్ బాలూ

1890 దశకములో పూనా నగరమందలి ఆంగ్లేయుల క్లబ్బు మైదానమున ఒక యువకుడు నెలకు నాలుగు రూపాయల జీతముపై పనిచేయుచుండెను. నేల చదును చేయుట, రోలరు లాగుట, అభ్యాసమునకు వలలు కట్టుట అతని విధులు. అంతకుముందు ఒక పార్సీ క్లబ్బులో ఇట్టి చాకిరికే మూడు రూపాయలు దొరకినవి. అతని పేరు పాల్వంకర్ బాలూ. పుట్టినది ధార్వాడలో, కులము చమారు, తండ్రి సైన్యమును ఆశ్రయించి బ్రదికినవాడు.

వలలలో ఆడు దొరలకు బంతులు విసరువాడొకడు కావలసివచ్చెను. అట్లు బాలూ ఎడమచేతికి బంతి చిక్కినది. జె. జి. గ్రెగ్ అను సైనికాధికారి నాడు హిందూదేశమున నున్న తెల్లవారిలో మేటి బ్యాట్స్‌మన్. అతడు తక్కినవారికంటె ముందుగా వచ్చి బాలూ బంతులతో సాధన చేసెడివాడు. తన వికెట్టు పడినపుడెల్ల ఎనిమిదణాలు బహుమానమిచ్చెడివాడని ఒక కథ వాడుకలో నున్నది. కథ యెట్లున్నను, ఆ వలలలో దొరకిన శిక్షణ నిజము. వింత యేమనగా, అంతకాలము బంతులు విసరిన వానికి బ్యాటు పట్టు అవకాశము దాదాపు లేనేలేదు. బ్యాటింగు ప్రభువుల విలాసమనియు, బౌలింగు సేవకుల శ్రమయనియు దొరలలో నొక భావముండెను. ఇచ్చటి కులవ్యవస్థకు అది చక్కగా అతికినది.

ఈ బౌలరు కీర్తి పూనా హిందువుల చెవిని పడినది. తెల్లవారిని ఓడింపవలెనన్న కోరిక వారికి బలముగా నుండెను. అస్పృశ్యుని చేర్చుకొనవలెనా యన్న సంకోచమును అంతే బలముగా నుండెను. కొంత తర్జనభర్జన తరువాత కోరికయే గెలిచినది. అయితే ఆ గెలుపునకొక హద్దు కలదు. మైదానములో బ్రాహ్మణ యువకులు బాలూ ముట్టిన బంతినే ముట్టిరి. విరామ సమయమున మాత్రము అతనికి తేనీరు గుడారము వెలుపల, వాడి పారవేయు మట్టిపాత్రలో ఇచ్చిరి; భోజనము వేరు బల్లపై, వేరు పళ్ళెములో పెట్టిరి. ఎండలో బంతికి అంటని మైల నీడలోని పాత్రకు ఎట్లు అంటినదో వారిలో నెవరు విచారించిరో తెలియదు. సాతారాలోని తెల్లవారి జింఖానాపై సాధించిన విజయము తరువాత న్యాయమూర్తి రానడే, పిమ్మట తిలక్‌గారును బాలూను బహిరంగముగా గౌరవించిరి.

బాలూ కొంతకాలమునకు బొంబాయికి చేరి, రైల్వే కంపెనీలో ఉద్యోగము చేయుచు హిందూ జింఖానా పక్షమున ఆడినాడు. 1906లో హిందువులు యూరోపియనులను 109 పరుగుల తేడాతో ఓడించిరి. ఆటలో బాలూకు ఎనిమిది వికెట్లు దక్కినవి. ఇండియన్ సోషల్ రిఫార్మర్ పత్రిక ఆ విజయమున కులపు కట్టుబాట్లు సడలుచున్న సూచనను చూచి సంతోషించినది. ఆ సంతోషము కొంత తొందరపాటే.

1911లో పటియాలా మహారాజు నాయకత్వమున వివిధ మతములవారు కూడిన జట్టొకటి ఇంగ్లండు వెళ్ళినది. గెలిచిన ఆటలకంటె ఓడినవే ఎక్కువ. కాని ముప్పదియైదేండ్ల బాలూ ఆ పర్యటనలో మొత్తము 114 వికెట్లు పడగొట్టినాడు. తిరిగివచ్చిన అతనిని బొంబాయి దళితులు సభ చేసి సన్మానించిరి. ఆ సన్మానపత్రమును రచించినది భీమరావు అంబేద్కర్ అని చెప్పుదురు. అప్పటికి ఆయన కళాశాల విద్యార్థి.

బాలూ తమ్ముళ్ళు శివరామ్, గణపత్, విఠల్ కూడ మంచి ఆటగాండ్రే. అయినను అన్న అనుభవము ఎంత పెద్దదైనను హిందూజట్టు నాయకత్వము అతనికి రాలేదు. 1913లో నాయకుడైన ఎం. డి. పై, ఆ గౌరవము బాలూకు చెందవలసినదని తానే అన్నాడు. 1920లో బాలూను జట్టునుండి తొలగించి, నాయకత్వమును విఠల్‌కు కాక దేవధర్‌కు ఇచ్చినపుడు, శివరామ్, విఠల్ ఆడుటకు నిరాకరించి, అందుకు కులమే కారణమని బహిరంగ ప్రకటన చేసిరి. బ్రతిమాలుట కాదు, ఆటనే నిలిపివేయుట! కూలివాని చేతిలోని ఆయుధమిదియే. దాని ఫలితముగా తరువాతి ఆటకు బాలూను ఉపనాయకునిగా పిలిచిరి. నాయకుడు పై కొంతసేపు మైదానము విడిచి, జట్టును నడుపు అవకాశము అతనికి కల్పించినాడు. 1923లో విఠల్ పూర్తి నాయకుడైనాడు. యూరోపియనులపై గెలిచిననాడు అతనిని జనము భుజములపై మోసికొనిపోయిరి.

తెలుగు కుటుంబమువాడైన సి. కె. నాయుడు 1916లో ఈ హిందూజట్టులోనే తొలిసారి ఆడినాడు. 1932 జూనులో లార్డ్స్ మైదానమున భారతదేశపు మొదటి టెస్టు పోటీకి నాయకుడు ఆయనయే. అదే సంవత్సరము సెప్టెంబరు 24న పూనా ఒడంబడికపై సంతకములు చేసినవారిలో బాలూ ఒకడు. ప్రత్యేక నియోజకవర్గములు కావలెనన్న అంబేద్కరుతో అతడు ఏకీభవింపలేదు. 1937 ఎన్నికలలో కాంగ్రెసు అతనినే బొంబాయిలో అంబేద్కరుకు పోటీగా నిలిపినది. ఒకనాడు సన్మానపత్రము వ్రాసినాడన్న వాని చేతిలో సుమారు రెండువేల ఓట్ల తేడాతో బాలూ ఓడిపోయినాడు. ఇందులో కాంగ్రెసు ఎత్తుగడ ఎంతయో, బాలూ స్వంత విశ్వాసమెంతయో వేరుచేయుట సులభము కాదు. అస్పృశ్యులు హిందూసమాజమునుండి విడిపోరాదన్న మాట అతడు మొదటినుండియు పలికినదే.

ప్రథమశ్రేణి పోటీలలో అతడు ఆడినవి 33. పడగొట్టిన వికెట్లు 179, ఒక్కొక్కదానికి ఇచ్చినవి సగటున పదిహేను పరుగులు. 1955 జూలైలో బొంబాయిలో మరణించినాడు. తరువాత చాలకాలము అతని పేరు ఆట చరిత్రలలో మరుగుపడినది. 2002లో రామచంద్ర గుహా క్రికెట్టు చరిత్ర వ్రాసినపుడు మరల విస్తృతముగా వెలుగులోనికి వచ్చినది.