లింకన్‌కే తెలియని లింకన్ వంశం

1848లో అమెరికా కాంగ్రెస్ సభ్యుడు అబ్రహాం లింకన్‌కి మసాచుసెట్స్‌లోని హింగమ్ అనే ఊరి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసింది సాలమన్ లింకన్. మీ పూర్వీకులెవరు, ఏ ఊరివాళ్లు అని అడిగాడు. లింకన్ తనకు తెలిసినదంతా రాసి పంపాడు. తాత పేరూ అబ్రహామే, వర్జీనియా నుంచి కెంటకీ వచ్చాడు, అక్కడ ఆదివాసుల చేతిలో చనిపోయాడు. ఆయన ముందువాళ్లు పెన్సిల్వేనియా వాళ్లని, క్వేకర్లని ఇంట్లో అనుకునేవారు. అంతే. తండ్రి ఆరేళ్లకే అనాథ అయ్యాడు, చదువుకోలేదు, అందుకే తనకు ఇంటి చరిత్ర అందలేదని చెప్పుకున్నాడు. అదే నెలలో వర్జీనియాలో ఉన్న డేవిడ్ లింకన్‌కి కూడా ఉత్తరం రాసి ఆరా తీశాడు. 1859లో తన జీవితం గురించి క్లుప్తంగా రాసినప్పుడూ, ఉత్తరాది లింకన్లతో చుట్టరికం వెతికితే పేర్ల పోలిక తప్ప ఏమీ తేలలేదనే రాశాడు.

చుట్టరికం మాత్రం నిజమే. ఇంగ్లండులోని నార్ఫోక్ నుంచి 1637లో ఓడెక్కి వచ్చి హింగమ్‌లో స్థిరపడ్డ నేతపనివాడు శామ్యూల్ లింకన్ ఈ వంశానికి మూలపురుషుడు. అతని కొడుకు మార్డికాయ్. మనవడి పేరూ మార్డికాయే. ఆ మనవడు న్యూజెర్సీ మీదుగా పెన్సిల్వేనియా చేరాడు. అతని కొడుకు జాన్ వర్జీనియా వెళ్లాడు. జాన్ కొడుకు కెప్టెన్ అబ్రహాం 1782 ప్రాంతంలో కొండలు దాటి కెంటకీ వచ్చాడు. అతని కొడుకు థామస్ 1816లో ఇండియానాకి తరలిపోయాడు. థామస్ కొడుకే తర్వాత అధ్యక్షుడైన లింకన్. ఏడు తరాలు. ఒక్కో తరం పడమటికి జరిగినప్పుడల్లా వెనకటి ఊళ్లో సమాధులూ చర్చి పుస్తకాలూ బంధువులూ మిగిలిపోయారు. ఒకచోట తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ కలిసి బతికితేనే ఇంటి కథ నోటినుంచి నోటికి అందుతుంది. సరిహద్దు సీమల్లో బతికినవాళ్లకు ఆ వీలు దొరకలేదు. అందుకే ఆ కుటుంబాల గురించి వెతికేవాళ్లు తాతల కబుర్లు పక్కనపెట్టి నేరుగా కచేరీ కాగితాల దగ్గరికి వెళ్లాలంటాను. లింకన్ వంశవృక్షాన్ని నిలబెట్టిందీ ఆ కాగితాలే. లీ, హచిన్సన్ అనే పరిశోధకులు కలిసి 1909లో వేసిన పుస్తకం, వాల్డో లింకన్ 1923లో తెచ్చిన కుటుంబ చరిత్ర అలా తయారైనవే.

కెంటకీలో ఈ పని మొదలుపెట్టిన ఎవరికైనా తొలి దెబ్బ జనాభా లెక్కల దగ్గరే తగులుతుంది. 1790, 1800 సంవత్సరాల కెంటకీ లెక్కలు మిగల్లేదు. 1810వి ఉన్నాయి కానీ వాటిలో ఇంటి యజమాని పేరొక్కటే కనిపిస్తుంది. భార్యాపిల్లలు వయసుల వారీగా గళ్లలో అంకెలు, అంతే. ఇంట్లో బానిసలు కాని అందరి పేర్లూ రాయడం 1850తో మొదలైంది. అంతకు ముందరి మనిషిని పట్టుకోవాలంటే పన్ను చిట్టాలు, పెళ్లి పూచీకత్తులు, వీలునామాలు తిరగేయాలి. అన్నింటికంటే ఎక్కువగా భూమి కాగితాలు.

కెప్టెన్ అబ్రహాం వచ్చిన కాలంలో కెంటకీ వర్జీనియాలో భాగం. 1779 నాటి వర్జీనియా చట్టం, 1778కి ముందే వచ్చి కాపురమున్న మనిషికి 400 ఎకరాలు ఇచ్చింది, పక్కనే మరో 1,000 ఎకరాలు కొనుక్కునే మొదటి హక్కు కూడా కట్టబెట్టింది. తర్వాత వచ్చినవాళ్లు ఖజానాలో డబ్బు కట్టి వారెంటు కొనుక్కునేవారు. వారెంటు చేతికొచ్చాక నచ్చిన నేల చూసుకుని ఫలానా చోటని నమోదు చేయించాలి, కొలిపించాలి, చివరికి పట్టా తెచ్చుకోవాలి. ప్రభుత్వం ముందుగా నేలంతా కొలిచి పెట్టలేదు. కరణాల లెక్కల్లో చెరువుగట్టూ తాటిచెట్టూ హద్దులైనట్టే అక్కడ వాగు చీలికా ఓక్ చెట్టూ హద్దులు. దాంతో ఒకే నేల మీద ఇద్దరు ముగ్గురికి పట్టాలు పడ్డాయి, వ్యాజ్యాలు తరాల తరబడి నడిచాయి. ఆ రైతులకు అది నరకం. పరిశోధకులకు మాత్రం అదే ఆధారం. సాక్ష్యమిచ్చిన ముసలివాళ్లు తమ వయసు, వచ్చిన దారి, ఏ ఏడు ఎవరితో వచ్చారు, ఎవరి గుడిసె ఎక్కడుండేది, అన్నీ ప్రమాణం చేసి చెప్పారు. తగాదా లేకుండా ప్రశాంతంగా బతికినవాడి గురించి ఇంత వివరం ఎక్కడా దొరకదు.

కెప్టెన్ అబ్రహాంకి 1785లో జెఫర్సన్ కౌంటీలోని లాంగ్ రన్ వాగు మీద 400 ఎకరాలు కొలిచారు. ఆ సర్వే కాగితంలో అతని పేరు ‘లింక్‌హార్న్’ అని ఉంది. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్న కాలం అది. ‘లింకన్’ అన్న పేరుతోనే వెతికేవాడు ఈ కాగితాన్ని దాటేసి పోతాడు. కొలత గొలుసు పట్టుకున్నవాళ్ల పేర్లు కూడా చూసినవాడికి అక్కడ మరికొందరు లింకన్లు కనిపిస్తారు. గొలుసు పట్టేది చాలాసార్లు అన్నదమ్ములో పక్కింటివాళ్లో కాబట్టి, చుట్టరికాలు తేల్చడానికి కాగితం అడుగున ఉన్న ఆ చిన్న పేర్లే ఎక్కువ పనికొస్తాయి.

మరుసటి ఏడు, 1786 మేలో, అబ్రహాం పొలంలో పనిచేస్తుండగా హతమయ్యాడు. వీలునామా లేదు. అప్పటి వర్జీనియా చట్టం ప్రకారం భూమి పెద్ద కొడుకు మార్డికాయ్‌కి చెందింది. చిన్నవాడు థామస్ కూలికి పోయి, వడ్రంగం నేర్చుకుని బతికాడు. అధ్యక్షుడి తండ్రికి చదువు ఎందుకు అబ్బలేదో, అధ్యక్షుడికి తాత ముందువాళ్ల పేర్లు ఎందుకు తెలియలేదో, దానికి జవాబు కొంత ఈ వారసత్వ చట్టంలో ఉంది. తర్వాత థామస్ సొంతంగా కొన్న పొలాలకూ హక్కుల చిక్కులే ఎదురయ్యాయి. కెంటకీ వదలడానికి బానిసత్వం కొంత కారణమని, భూమి హక్కుల గొడవే ముఖ్య కారణమని కొడుకే రాశాడు. ఇండియానాలో కేంద్ర ప్రభుత్వం నేలని చదరాలుగా ముందే కొలిచి అమ్మింది, అక్కడి పట్టాకి భరోసా ఉంది.

పెళ్లి కాగితం సంగతి మరీ బాధ కలిగిస్తుంది. థామస్‌కీ నాన్సీ హాంక్స్‌కీ అసలు పెళ్లే కాలేదన్న పుకారు లింకన్‌ని చాలాకాలం వెంటాడింది. వాళ్లు కాపురమున్న హార్డిన్ కౌంటీలో నమోదు దొరకలేదు. పెళ్లి జరిగింది వాషింగ్టన్ కౌంటీలో, 1806 జూన్ 12న. రెండు రోజుల ముందు రాసిన 50 పౌండ్ల పూచీకత్తు మీద థామస్‌తోపాటు పెళ్లికూతురి సంరక్షకుడిగా రిచర్డ్ బెర్రీ సంతకం ఉంది. ఈ దాఖలా 1878లో బయటపడింది. కొడుకు హత్యకు గురై అప్పటికి పదమూడేళ్లు. ఆ కౌంటీలో ఒక్కసారి చూసి ఉంటే ఆ నింద అంత దూరం వచ్చేది కాదు.

ఈ కాగితాలను నమ్మేటప్పుడు అవి ఎవరివో కూడా గుర్తుంచుకోవాలి. లాంగ్ రన్ పొలం, అంతకుముందు షావనీ, చెరోకీ ఆదివాసులు వేటాడిన నేల. 1768లో స్టాన్విక్స్ కోట దగ్గర ఆ భూముల్ని బ్రిటిష్ వాళ్లకి రాసిచ్చింది ఇరోక్వా ఆదివాసీ తెగల కూటమి. షావనీలు దానికి ఒప్పుకోలేదు. సర్వే కాగితంలో చెట్టుకీ వాగుకీ చోటు దొరికింది, వాళ్లకి దొరకలేదు. కొండలు దాటి వచ్చిన కుటుంబాలు వెంట తెచ్చిన నల్లజాతి బానిసల మాటా అంతే. 1850, 1860 బానిసల జాబితాల్లో వయసు, లింగం, రంగు ఉన్నాయి, పైన యజమాని పేరుంది, వాళ్ల పేర్లు సాధారణంగా లేవు. లింకన్ బంధువుల్లోనూ బానిసల యజమానులు ఉన్నారు. కెంటకీ నల్లజాతి కుటుంబాల వారసులు, తమవాళ్ల పేర్లు కనిపించే 1870 లెక్కల నుంచి వెనక్కి వెళ్లాలంటే, తమ పూర్వీకుల్ని కట్టుబానిసలుగా ఉంచుకున్నవాడి వీలునామాలోనే, పశువుల పక్కన, వెతుక్కోవాలి.

ఆడవాళ్ల వంశమూ కాగితాల్లో తేలిగ్గా దొరకదు. నాన్సీ తల్లి లూసీ హాంక్సేనా అని వందేళ్లకు పైగా వాదులాడుకున్నారు. తల్లి నుంచి పిల్లలకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏని కూతుళ్లే తర్వాతి తరాలకు అందిస్తారు, నాన్సీకి కూతురి వైపు వారసులు లేరు. అధ్యక్షుడి వంశం కూడా 1985తో అంతమైంది. అందుకని పరిశోధకులు లూసీ మిగతా కూతుళ్ల వైపు నుంచి, ఆమె అక్కచెల్లెళ్ల వైపు నుంచి, తల్లీకూతుళ్ల వరుస తెగకుండా దిగి వచ్చిన నేటి వారసుల్ని వెతికి నమూనాలు సేకరించారు. 2015లో ఫలితం వచ్చింది: నాన్సీ లూసీ కూతురే. ఆ వారసుల్ని గుర్తించడానికి ముందు ప్రతి తరంలోనూ పెళ్లితో ఇంటిపేరు మారిన అమ్మాయిల జాడ పట్టుకోవాల్సి వచ్చింది, అందుకు మళ్లీ తిరగేసినవి కౌంటీ కచేరీల్లోని పెళ్లి దాఖలాలే.