పాలకొల్లు మాండొలిన్: గొంతు నుంచి తీగకు

నాడు ఏలూరు కేంద్రంగా ఉండిన పశ్చిమ గోదావరి జిల్లాలో, తాడేపల్లిగూడేనికి దిగువన, కొల్లేటికి తూర్పున ఉన్న డెల్టా పట్టణం పాలకొల్లు. 1969 ఫిబ్రవరి 28న అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ అనే ఇటలీ వాద్యాన్ని కర్ణాటక సంగీత కచేరీకి ప్రధాన వాద్యంగా నిలిపి, ఆపైన జాజ్ వేదికలకు తీసుకువెళ్లాడు. తండ్రి సత్యనారాయణ కూడా వాద్యకారుడే కావడంతో ఆరేళ్ల వయసులోనే ఆ పిల్లవాడి చేతికి మాండొలిన్ వచ్చింది.

పరదేశపు వాద్యం మన సంగీతంలో కలిసిపోవడం అప్పటికి కొత్త కాదు. పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభంలోనే బాలుస్వామి దీక్షితర్ వయొలిన్‌ను ఆ దారి పట్టించారు. అయితే వయొలిన్‌కు మెట్లు లేవు, వేలు ఎటు జారితే స్వరం అటు సాగుతుంది. మాండొలిన్‌కు లోహపు మెట్లు ఉండటమే కాక, జంటలు జంటలుగా ఎనిమిది తీగలు ఉంటాయి, మీటిన నాదం క్షణంలో ఆరిపోతుంది. తోడి రాగంలోని గాంధారం ఒక్కచోట నిలిచి పలికే స్వరం కాదు, ఊగుతూ పలకాలి. ఆ ఊపునే గమకం అంటారు. దానికోసం తీగను మెట్టు మీద పక్కకు లాగాలి, లేదా వేలిని మెట్టు నుంచి మెట్టుకు జార్చాలి, ఈ రెండు పనులకూ జంట తీగలు అడ్డమే. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు మారి, జంటలు తీసివేసి ఐదు ఒంటి తీగలు బిగించుకోవడంతో గమకానికి చోటు, నాదానికి నిడివి రెండూ దొరికాయి.

ఇంతకంటే విశేషమైనది అతనికి చదువు అబ్బిన తీరు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. అందుచేత ఆయన పాడేవారు, శిష్యుడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేకపోవడం వల్ల వాద్యపు అలవాట్లు కాక గాత్రపు అలవాట్లే ఆ చేతికి పట్టాయి. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. 1976లో గిటారిస్టు వాసూరావు పాశ్చాత్య సంగీతాన్ని పరిచయం చేయగా, 1978లో, కొల్లేటికి అవతలి వైపున ఉన్న గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల సందర్భంగా తొమ్మిదేళ్ల శ్రీనివాస్ తొలి కచేరీ జరిగింది.

జాజ్ అంటే అమెరికాలోని నల్లజాతీయుల సంగీతం నుంచి పుట్టి, ఒక పల్లవిని ఆధారం చేసుకుని వేదిక మీదనే కొత్త స్వరాలు కల్పించుకుంటూ పోయే సంప్రదాయం. మనోధర్మం ఎరిగిన కర్ణాటక విద్వాంసుడికి అది పరాయిది కాదు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో శ్రీనివాస్ వాయించాడు. 1970ల మధ్యలో శక్తి బృందాన్ని నడిపిన గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్, గమకాల కోసమే తన గిటారు మెట్ల నడుమ చెక్కను తొలిపించుకున్నవాడు. ఆ తరువాత ఏర్పడిన రిమెంబర్ శక్తి బృందంలో పాలకొల్లు మాండొలిన్ ఆ గిటారుతో, జాకిర్ హుస్సేన్ తబలాతో కలిసి పలికింది.

సుబ్బరాజు పద్ధతికి సాటి వచ్చే బోధన సంగీత చికిత్సలో కనబడుతుంది. శిక్షణ పొందినవారు పాటను, వాద్యాన్ని సాధనంగా చేసుకుని రోగి మనసుకు, శరీరానికి ఊరట కలిగించే ఈ విద్యకు అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం 1944లో పట్టా కోర్సు పెట్టగా, 1950లో ఆ దేశంలో జాతీయ సంఘం ఏర్పడింది. అక్కడి చికిత్సకులు గాత్రం, పియానో, తాళవాద్యాలతో పాటు గిటారూ నేర్చుకుని తీరాలి, ఎందుకంటే మంచం పక్కన కూర్చుని, రోగి ముఖం చూస్తూ, పాడుతూ మీటగల వాద్యం అది. వారికి కావలసింది వేగం కాదు. రోగి గొంతు ఏ శ్రుతిలో ఉంటే, గిటారు మెడ మీద కేపో అనే బిగింపును జరిపి ఆ శ్రుతికి రావడం, ఊపిరి ఎంత మెల్లగా ఉంటే లయను అంత మెల్లగా పట్టుకుని అక్కడి నుంచి క్రమంగా నడిపించడం. ఎదుటి గొంతును విని దాని వెంట పోగల చెవి లేనిదే ఇది సాధ్యం కాదు.

శ్రీనివాస్‌కు 1998లో పద్మశ్రీ లభించింది. 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో, నలభై అయిదేళ్లకే అతను కన్నుమూశాడు. తమ్ముడు యు. రాజేష్ ఆ వాద్యాన్నే వాయిస్తున్నాడు. గోదావరి డెల్టా సంగీత చరిత్ర రాయబూనినవారు ఈ శిష్యుడి కీర్తితో పాటు, వాద్యం రాకుండానే వాద్యకారుణ్ణి తయారు చేసిన రుద్రరాజు సుబ్బరాజు బోధనను కూడా ఒక ప్రత్యేక అధ్యాయంగా రాయాలి.