చద్దిమూట

పెద్దల మాట చద్దిమూట యని మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. సామెత నోట నిలిచినది గాని మూట యింటినుండి తరలిపోయినది. పిల్లలు బడికిని, పెద్దలు కొలువులకును పరుగులిడు నేటి సంసారములలో ఉదయాహారము పెద్దచిక్కుగా పరిణమించినది. ఈ చిక్కును మన పూర్వు లెట్లు విప్పుకొనిరో, ఆ మార్గము మన కేల దూరమయ్యెనో విచారించుట నిష్ప్రయోజనము కాదని తలంచుచున్నాము.

పదునైదవ శతాబ్దివాడగు పోతనామాత్యుడు భాగవత దశమస్కంధమున గోపబాలురు చల్దులు గట్టుకొని యడవికేగి, కృష్ణుని చుట్టును గూర్చుండి, ఊరుగాయలతో నారగించిన ఘట్టమును వర్ణించెను. కథ యమునాతీరమున జరిగినను ఆ మూట తెలుగింట గట్టినదే. రాత్రి మిగిలిన యన్నమున నీరో మజ్జిగయో పోసి మూతపెట్టిన, తెల్లవాఱునప్పటికి అది కొంచెము పులిసి చల్లగా నుండును. కోస్తా జిల్లాలలో గంజిని కుండలో పులియబెట్టి తరవాణి యని వాడిరి. మెట్టసీమలలో జొన్న యంబలియు, రాగి యంబలియు నా స్థానమున నుండెను. వీని కన్నిటికిని ఒక్క గుణము సమానము: ఉదయమున పొయ్యి రాజేయ బనిలేదు. రాత్రి జాగ్రత్తయే తెల్లవాఱి భోజనమయ్యెను.

అంతమాత్రమున పూర్వకాలమంతయు స్వర్ణయుగమని మేము చెప్పబోము. చద్ది ముఖ్యముగా పిల్లలకును, పాలేళ్లకును, కూలివాండ్రకును బెట్టు కూడు. మడి పాటించు నిండ్లలో రాత్రివండిన యన్నము పెద్దలకు నిషిద్ధము. అట్టి యిండ్లలో ఇల్లాలు స్నానముచేసి, మడిగట్టి, వండి, అందఱికిని వడ్డించి, మధ్యాహ్నము దాటినపిదప మిగిలినది తినుచుండెను. అందఱి యాకలిని గనిపెట్టిన యామె యాకలిని గనిపెట్టినవారు లేరు.

ఇరువదవ శతాబ్ది తొలిభాగమున రెండు మార్పులు మన వంటయిండ్లను జొచ్చినవి. మొదటిది మరబియ్యము. రోకటిపోటులకు బదులు యంత్రములు తవుడంతయు దీసి బియ్యమును మల్లెపూవులవలె జేసినవి. ఆ తెలుపే గౌరవచిహ్నమయ్యెను. అంతకుముందే, 1890 ప్రాంతములనే, జావాద్వీపమున ఐక్మన్ అను డచ్చివైద్యుడు తెల్లబియ్యము మేసిన కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడుగల బియ్యము మేపగా తేఱుకొనుటయు గనిపెట్టెను. తవుడుతో బోవు సారములకు 1912లో ఫంక్ అను శాస్త్రజ్ఞుడు విటమిన్ అను పేరిడెను. ఈ లోపమువలన గలుగు బెరిబెరి వ్యాధి మన యుత్తర సర్కారు జిల్లాలను బీడించెను. పాలుద్రాగు శిశువులు సయితము తల్లులలోని లోపముచేత దానికి బలియైరి.

ఈ వ్యాధిని శోధించుటకు 1918లో మక్కారిసన్ అను వైద్యుడు కూనూరున నొక్కగదిలో పరిశోధన నారంభించెను. అది 1928లో పోషకాహార పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదునకు మాఱి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు వహించెను. బియ్యమును పలుమాఱులు కడిగి, గంజి వార్చి పాఱబోసిన, మిగిలిన కొద్ది సారమును పోవునని నేడు శాస్త్రము చెప్పుచున్నది. తరవాణికుండ యా గంజిని పాఱబోయనీయకుండెను. శాస్త్ర మెఱుగని ముసలమ్మల పొదుపు శాస్త్రమునకు దగ్గఱగా నుండెనని మన మొప్పుకొనవలసియున్నది.

రెండవ మార్పు కాఫీ. అది ఆకలిని మఱపించునేకాని తీర్చదు. దానివెంట పలహారము వచ్చెను. ఇడ్డెనలును, దోసెలును మంచి యాహారములే. బియ్యమునకు మినుములు తోడై పులియుటవలన బలమును గూర్చును. కాని నానవేసినవారెవరు? రుబ్బురోలు త్రిప్పినవారెవరు? తెల్లవాఱుజామున పొయ్యి యూదినవారెవరు? చద్ది తప్పించిన శ్రమ మఱల ఇల్లాలి భుజములపై బడెను.

ఇంటిలో నిట్లుండగా సంఘము పిల్లల యాకలిని మాత్రము గుర్తింపసాగెను. చెన్నపట్టణపు నగరసభకు అధ్యక్షుడైన తెలుగువాడు పిట్టి త్యాగరాయశెట్టి కాలమున, 1920 సెప్టెంబరులో, థౌజండ్ లైట్సులోని నగరసభ పాఠశాలయందు విద్యార్థికి దినమునకు ఒక అణాకు మించకుండ వ్యయముచేసి భోజనము పెట్టుటకు తీర్మానించిరి. నూఱేండ్లు దాటినపిదప, 2022 సెప్టెంబరు 15న, తమిళనాడున ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఉదయాహారపథకము మధురలో ప్రారంభమయ్యెను. 2023 అక్టోబరు 6న తెలంగాణమునను ప్రభుత్వపాఠశాలలలో అట్టిదే యారంభింపబడెను. కడుపున నేమియులేని బిడ్డకు పాఠము తలకెక్కదని యొప్పుకొనుట కింతకాలము పట్టెను. ఆ బిడ్డను బడికి సిద్ధముచేసి పంపిన తల్లి యేమి తినెనని యడుగుట కింకెంతకాలము పట్టునో!

కావున మా మనవి యిది. ఉదయాహారమునకు ఆడంబర మక్కఱలేదు. శుభ్రమైన పాత్రలో రాత్రి తోడుపెట్టిన పెరుగన్నము, రాగి యంబలి, నానిన పెసలతో పెసరట్టు, ఋతువునకు దగిన పండు: వీనిలో నేదైనను చాలును. ఉప్పును ఉల్లిపాయయు మాత్రమేగల చద్ది చాలదు. పప్పో పెరుగో దానికి తోడు కావలెను. దంపుడు బియ్యముగాని ఉప్పుడు బియ్యముగాని దొరకినచోట తెలుపునకు మోసపోవలదు. నానవేయుట, కూరలు తఱుగుట, కంచములు గడుగుట మగవారికిని, మగపిల్లలకును తగని పనులుకావు. రాత్రి పావుగంట యందఱును బూనుకొనిన ఉదయమున నెవరికిని పరుగుండదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱొకటి గలదు. ఇంటిల్లిపాదికిని వడ్డించిన పిదప తినుట యిల్లాలి సుగుణమని పొగడుట మానవలెను. రేపు తెల్లవాఱి పాఠకులు తమ యింట కంచములు పెట్టునప్పుడు లెక్క సరిచూచుకొందురుగాక. ఇల్లాలి కంచమును మొదటి వరుసలోనే పెట్టుదురుగాక.